చలనచిత్రము చూపని ఆదివారము

1981లో వెలువడిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ అను చలనచిత్రము ఎరిక్ లిడెల్ విశ్వాసమును చక్కగా చూపుచున్నది. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలలో, ఆదివారమున పరుగెత్తనొల్లక ఆయన 100 మీటర్ల పందెమును విడిచి, 400 మీటర్లలో బంగారు పతకము పొందెను.

అయితే 1925లో చైనాకు మిషనరీగా వెళ్లిన ఆయన సేవను చిట్టచివర ఒక్క మాటతో ముగించుట ఈ చిత్రమునకు గొప్ప లోపము. యుద్ధకాలమున జపానువారి వైషియన్ నిర్బంధ శిబిరములో ఆయన పిల్లలకు ఆటలు నడిపించెను. ఆదివారమున వారు హాకీ ఆడుచు పోట్లాడుకొనగా, తానే రిఫరీగా నిలిచెను. 1945లో అక్కడనే ప్రభువునందు నిద్రించెను.

పతకము కొరకు ఇయ్యని దినమును బిడ్డల సమాధానము కొరకు ఇచ్చెను గదా! ఉద్దానపు సంఘపెద్దలారా, మన తీరపు ఇసుకలో వాలీబాల్ ఆడు యౌవనులను గద్దించుటకు ముందు, వారి నడుమ నిలువుడి.