అంబాసిడర్‌కి డిస్క్ బ్రేకు: కిట్టు కొనే ముందు

చంద్రపూర్ నుంచి తాడోబా దారి పడితే ముందు దుర్గాపూర్ తగులుతుంది. ఒకపక్క బొగ్గు గనులు, ఇంకోపక్క థర్మల్ విద్యుత్ కేంద్రం, రోడ్డు నిండా బొగ్గు లారీలు, టిప్పర్లు. అదే దారి పద్మాపూర్ మీదుగా మోహర్లీ గేటుకు పోతుంది. అడవి అంచు కాబట్టి చీకటి పడ్డాక ఏ జంతువు ఎప్పుడు అడ్డం వస్తుందో చెప్పలేం. తెలంగాణ నుంచి గనుల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఈ జిల్లాలో చాలానే ఉన్నాయి. ఇలాంటి రోడ్డు మీద పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో నడపాలనుకునేవారికి ముందుగా వచ్చే దిగులు బ్రేకు గురించే. ఆ దిగులుకు అందరూ చెప్పే మందు డిస్క్ బ్రేక్ కిట్టు. మందు మంచిదే, వాడే తీరులోనే తిరకాసు ఉంది. కొనేవారు చక్రం దగ్గర మొదలుపెట్టి డిస్కు ఎంత పెద్దది, క్యాలిపర్ ఏ కంపెనీది అని చూస్తారు. మొదలుపెట్టాల్సింది పెడల్ దగ్గర. అక్కణ్ణుంచి మాస్టర్ సిలిండర్, పైపులు, వెనక చక్రాలు చూసుకుంటూ వచ్చి ఆఖర్న డిస్కును తేల్చుకోవాలి. ఈ వరుస డ్రమ్ము బ్రేకు పనిలో చేయి తిరిగిన మిస్త్రీలకు కొత్తేమీ కాదు, వాళ్లెప్పుడూ బ్రేకును ఇలాగే చూశారు.

అంబాసిడర్ పుట్టుక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి. 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైంది. దాని డ్రమ్ము బ్రేకు సెట్టింగు దేశమంతా ఒక పనితనంగా స్థిరపడింది. ఆ పని దగ్గర నుంచి చూడదగింది. డ్రమ్ము ఊడదీసి లోపలి ముఖం మీద వేలు నడిపిస్తే గాళ్లు పడిందీ, అంచున గట్టు కట్టిందీ తెలిసిపోతుంది. లేత్ పట్టించేటప్పుడు ఎడమ, కుడి డ్రమ్ములు రెండూ ఒకే కొలతకు రావాలి, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఒకపక్కకి లాగుతుంది. కొత్త లైనింగ్‌లో రివిట్ తల లోపలికి దిగి ఉండాలి. ఆ తర్వాత డ్రమ్ము లోపల సుద్ద పూసి, షూ ఆనించి తిప్పితే, లైనింగ్ ఎక్కడెక్కడ తగులుతోందో తెల్లగా అచ్చు పడుతుంది. మడమ దగ్గర, కొన దగ్గర మాత్రమే తగిలితే అరం పట్టి, నడుమ భాగం ఆనేదాకా సరిచేస్తారు. చివర చక్రం తిరగనంతగా అడ్జస్టర్ బిగించి, స్వేచ్ఛగా తిరిగేవరకు ఒక్కో నొక్కు వదులుతారు. ఈ పని శ్రద్ధగా చేసిన డ్రమ్ము ఎందుకు అంత బాగా పడుతుందంటే, తిరిగే డ్రమ్మే, తను తిరిగే దిశలోనే తెరుచుకునే షూని తనలోకి లాక్కుంటుంది. కాలు ఇచ్చిన బలానికి చక్రం తన బలం కలుపుతుంది. అంబాసిడర్ ముందు చక్రాల్లో రెండు షూలకూ ఈ అమరికే ఇచ్చి, చెరో వీల్ సిలిండర్ పెట్టారు. బూస్టర్ లేకుండానే టన్నుకు పైబడిన బండిని ఒక మనిషి కాలు ఆపగలిగిందంటే కారణం అదే. ఈ పనిలో ఒక్క అలవాటు మాత్రం మానాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని పొడిని గాలి పైపుతో ఊదితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడిచి తీయాలి.

మరి డ్రమ్ము ఇంత బాగా పనిచేస్తే డిస్కు దేనికి? జవాబు వేడిలో ఉంది. అయిదుగురు ఎక్కిన అంబాసిడర్ బరువు సుమారు 1,500 కిలోలు అనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న ఆ బండిని ఆపడమంటే 3.7 లక్షల జౌళ్ల శక్తిని బ్రేకుల్లో వేడిగా మార్చడం. ఒక్కసారి ఆగడానికి డ్రమ్ముకు ఏ ఇబ్బందీ ఉండదు. ఆ మాటకొస్తే సరైన డ్రమ్ములు చక్రాలను బిగదీసేంత బలంగా పడతాయి, అక్కణ్ణుంచి ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరూ రోడ్డూనే. పొడి తారు మీద 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 20 మీటర్లు, 80లో 36 మీటర్లు. డిస్కు పెడితే ఆ దూరం సగానికి తగ్గుతుందన్న మాటలో నిజం లేదు. తేడా పదేపదే బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు సడలుతుంది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, పైగా గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, వాన నీళ్లను త్వరగా విదిలించుకుంటుంది. 1953లో ఇరవై నాలుగు గంటల లె మాన్ పందెంలో జాగ్వార్ సి-టైపు డిస్కులతో గెలిచింది ఈ బలంతోనే. రెండేళ్లకే సిట్రోయెన్ డీఎస్ వాటిని రోడ్డు కారు ముందు చక్రాలకు తెచ్చింది. చంద్రపూర్ చుట్టుపక్కల నేల చదును, ఇక్కడి రోజువారీ తిరుగుడుకు మంచి డ్రమ్ము చాలు. ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్తూ నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేవారికి, వానాకాలంలో హైవే మీద దూరాలు పోయేవారికి డిస్కు నిజంగా అక్కరకొస్తుంది.

కానీ పాత బండిలో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ కలిపి బ్రేక్ ఆయిల్ లైను ఒక్కటే. ఏ మూల రబ్బరు గొట్టం చిట్లినా, ఏ వీల్ సిలిండర్ వాషర్ కారినా పెడల్ నేలకు దిగిపోతుంది, నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ముందు పది వేల రూపాయల డిస్కులున్నాయా, డ్రమ్ములున్నాయా అన్నది అప్పుడు లెక్కలోకి రాదు. అమెరికా 1968 నుంచి కార్లకు రెండు విడి లైన్లను తప్పనిసరి చేసింది ఈ కారణంగానే. కాబట్టి చేతిలో ఒక్క పనికే డబ్బుంటే, ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి చొప్పున రెండు గదులున్న ట్యాండమ్ మాస్టర్ సిలిండర్ పెట్టించి, గొట్టాలన్నీ కొత్తవి వేయించాలి. అది లేని కిట్టు ఎంత ఖరీదైనా అసంపూర్ణమే అని నా గట్టి అభిప్రాయం.

మాస్టర్ సిలిండర్ మార్చక తప్పదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. డ్రమ్ము కోసం చేసిన సిలిండర్‌లో చిన్న వాల్వు ఉండి, కాలు తీశాక కూడా లైనులో కొద్ది ఒత్తిడిని నిలుపుతుంది. షూలను స్ప్రింగులు వెనక్కి లాగుతాయి కాబట్టి డ్రమ్ముకు దానితో పేచీ లేదు. క్యాలిపర్‌లో స్ప్రింగులు ఉండవు. ఆ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి, మైళ్ల కొద్దీ రాసి రాసి ఆయిల్‌ను మరిగిస్తాయి. వానాకాలపు తేమ పీల్చిన డాట్ 3 ఆయిల్ 140 డిగ్రీలకే మరగవచ్చు, డాట్ 4 అయితే 155 దాకా ఆగుతుంది. సిలిండర్ వ్యాసం కూడా చూడాలి. 48 మిల్లీమీటర్ల క్యాలిపర్ పిస్టన్ వైశాల్యం, ముప్పాతిక అంగుళం వీల్ సిలిండర్ వైశాల్యానికి ఆరు రెట్లకు పైనే. దాన్ని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ తోయాలి, పాత సన్న సిలిండర్‌తో పెడల్ చాలా లోతుకు పోతుంది. లావు సిలిండర్ పెడితే పెడల్ గట్టిపడుతుంది. డిస్కుకు డ్రమ్ములా తనను తాను లాక్కునే గుణం లేదు కాబట్టి ఆ గట్టిదనం ఇంకా పెరిగి బూస్టర్ అవసరమవుతుంది. పెట్రోల్ ఇంజన్ మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు వాక్యూమ్ దొరుకుతుంది. డీజిల్ అంబాసిడర్‌లో దొరకదు. దానికి వెనక వాక్యూమ్ పంపు ఉన్న ఆల్టర్నేటర్ కావాలి, ఆ ఖర్చు కిట్టు ధరలో కనిపించదు.

ఇక్కడ చాలామంది మిస్సయ్యే చిక్కు వెనక చక్రాలది. ముందు డిస్కులు పట్టడానికి లైనులో ఇదివరకటికంటే ఎక్కువ ఒత్తిడి కావాలి. అదే ఒత్తిడి వెనక డ్రమ్ములకూ చేరితే, బరువంతా ముందుకు ఒరిగి తేలికైన వెనక చక్రాలు ముందే బిగుసుకుంటాయి. తడి రోడ్డు మీద అలా బిగిస్తే బండి గిర్రున తిరుగుతుంది. వెనక ఒత్తిడిని అదుపుచేసే ప్రొపోర్షనింగ్ వాల్వు గానీ, చిన్న వ్యాసపు వెనక వీల్ సిలిండర్లు గానీ కిట్టులో ఉన్నాయా అని అమ్మేవారిని సూటిగా అడగండి. జవాబు చెప్పలేకపోతే కొనకండి.

ఆ తర్వాతే డిస్కు, బ్రాకెట్. మన దగ్గర చాలా కిట్లు వేరే కారు డిస్కుకు, క్యాలిపర్‌కు లేత్ షాపులో చేసిన బ్రాకెట్ కలిపినవే. ఆ పద్ధతి మంచిదే, స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. అయితే డిస్కు, క్యాలిపర్ ఇచ్చే ఆ కారు అంబాసిడర్ కంటే తేలికది కాకూడదు. పైన చెప్పిన ఒక్క ఆగుడులో ఒక్కో ముందు డిస్కుకు సుమారు 1.2 లక్షల జౌళ్లు చేరతాయి, నాలుగు కిలోల డిస్కు 65 డిగ్రీలు వేడెక్కుతుంది. మూడు కిలోలదైతే 87. బ్రాకెట్ మీద పడే బలం ఇంకా కంగారు పెట్టేది: గట్టిగా బ్రేకు వేస్తే ఒక్కో ముందు చక్రం దగ్గర క్యాలిపర్ మీద దాదాపు టన్ను బరువంత లాగుడు ఉంటుంది. అందుకే బ్రాకెట్ మందపాటి ప్లేటు నుంచి మిషన్ మీద కోసినదై, స్టబ్ యాక్సిల్‌కున్న అసలు బోల్టు రంధ్రాలకే హైటెన్సైల్ బోల్టులతో బిగించి ఉండాలి. స్టబ్ యాక్సిల్‌కు వెల్డింగ్ చేసిన బ్రాకెట్‌ను ఎవరు ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. డిస్కు తిరిగేటప్పుడు ఊగిసలాట డయల్ గేజీ మీద 0.1 మిల్లీమీటర్ లోపు ఉండాలి. పాత చక్రమూ కప్పూ క్యాలిపర్‌కు తగలకుండా ఎక్కుతున్నాయో లేదో డబ్బు ఇచ్చే ముందే ఎక్కించి చూడాలి.

బండి అసలు రూపాన్ని కాపాడాలనేవారి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అలాంటి బండి ఉంటే, దాన్ని ప్రదర్శనలకే తీసేవారైతే, డ్రమ్ములే ఉంచి ట్యాండమ్ సిలిండర్‌కైనా ముందు ఆలోచించి అడుగు వేయాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీ వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా నిలబెట్టింది. కాబట్టి చంద్రపూర్ ఆర్టీవో దగ్గర రాతపూర్వకంగా అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేసి మొదలుపెట్టడం మేలు. రోజూ రోడ్డెక్కే బండి సంగతి వేరు. అక్కడ బోల్టు విప్పితే పాత స్థితికి వచ్చే కిట్టు ఎంచుకుని, ఊడదీసిన డ్రమ్ములకు గ్రీజు పూసి దాచుకుంటే రెండూ దక్కుతాయి. ఇన్నాళ్లూ డ్రమ్ములతోనే నడిచాయి కదా అనే వాదనకు మాత్రం ఒక్కటే జవాబు: అప్పుడు మన ముందున్న బండి కూడా డ్రమ్ములతోనే ఆగేది. ఇప్పుడు ముందుపోయే కారు ఏబీఎస్‌తో ఆగుతుంది.

బిగించడం అయ్యాక వెంటనే తాడోబా దారి పట్టకూడదు. కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడేందుకు 50 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపకుండా పది పదిహేనుసార్లు నెమ్మదిగా తగ్గించాలి, మధ్యలో చల్లారనివ్వాలి. తర్వాత ఖాళీ మైదానంలో, ఎవరూ లేని చోట, తక్కువ వేగంలో గట్టిగా బ్రేకు వేసి, పక్కన నిలబడ్డ మెకానిక్‌ను ఏ చక్రం ముందు బిగుసుకుందో చూడమనాలి. వెనకది ముందు బిగుసుకుంటే ప్రొపోర్షనింగ్ వాల్వును ఇంకొంచెం తిప్పి మళ్లీ చూడాలి. బండిని జాకీ మీద లేపితే ముందు చక్రం చేత్తో తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే ముందుగా అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్‌లో ఒత్తిడిని నిలిపే ఆ చిన్న వాల్వు ఇంకా లోపలే ఉందేమోనని. అది సరిచేయించే వరకు బండి షెడ్డు దాటకూడదు.