అందుకునే గొంతులు

బతుకమ్మ ఆటలో స్పీకర్ల మోత మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు పాత కథే. ఈ వారం మా సరూర్‌నగర్ గల్లీలో మాత్రం ఆ కోపంతో పని పడలేదు. రికార్డు పాట జోరుకు అడుగులు కలవక అందరూ తికమకపడుతుంటే, పక్కింటి పెద్దావిడ నేరుగా వెళ్లి బాక్సు బందు చేసింది. "మా కోడలు పాడుతది" అన్నది. కోడలు సూర్యాపేట వైపు పిల్ల, చంకలో బిడ్డ. "నాకు రాదు అత్తమ్మా, ఇంతమంది ముందట ఏం పాడాలె" అని వెనక్కి జరిగింది. అత్త ఆ బిడ్డను తన చంకలోకి తీసుకుని, "రాకపోతే ఇంట్ల గిన్నెలు కడుక్కుంట పాడేదెవరు? ఎత్తుకో" అన్నది.

ఎత్తుకుంది. రెండో మాటకే గొంతు జీరబోయింది. కానీ ఆగాల్సిన అవసరం రాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే 'ఉయ్యాలో' అని అందుకున్నారు. బతుకమ్మ పాట కట్టుబడిలోనే ఈ ఏర్పాటుంది. పాడే మనిషి ఒక ముక్క అంటుంది, మిగతావాళ్లు దాన్ని మళ్లీ అంటారు. ఆ కాస్త వ్యవధిలో ఆమె ఊపిరి తీసుకోవచ్చు, తర్వాతి ముక్క గుర్తు చేసుకోవచ్చు, తన పాట ఇంతమంది నోట ఎలా ఉందో వినొచ్చు. ఒంగి కొట్టే చప్పట్లే తాళం. ఇక్కడ చూడ్డానికి కూర్చున్నవాళ్లంటూ ఉండరు, కాబట్టి మార్కులు వేసేవాళ్లూ లేరు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ తిరిగే ప్రతి మనిషీ పాటలో కూలీయే.

నాలుగో చరణానికి పిల్లకు హుషారొచ్చి పాట పరుగెత్తింది. ఒక ముసలమ్మ ఆట ఆపకుండానే, "ఉరుకుతున్నవ్ బిడ్డా, చప్పట్లు ఇనుకుంట పాడు" అన్నది. పిల్ల సర్దుకుంది. ఒకచోట మాట మరిచిపోతే మరొకామె అందించింది. బతుకమ్మలను చెరువుకు తీసుకుపోయే వేళ వరకు ఆ గొంతు మళ్లీ వణకలేదు.

2025 సెప్టెంబరు 29న ఇదే సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ చుట్టూ 1354 మంది ఆడవాళ్లు ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. మన పేటకు దక్కిన గౌరవం, సంతోషించాను. అయితే ఒక గొంతు తయారవడానికి అంతమంది అక్కర్లేదు. వాడకట్టులో పదిమంది చాలు.

ఆడవాళ్లు ఒకరినొకరు నోరారా మెచ్చుకోవాలని చాలాసార్లు రాశాను. మెచ్చుకోలు కరువై మానేసిన పాటలు, అటకెక్కిన కుంచెలు మన ఇళ్లలో ఎన్నో. ఈ వారం కూడా అదే రాద్దామని కూర్చుంటే, కొండపల్లి కోటేశ్వరమ్మ గారు గుర్తొచ్చి ఆలోచన మరోవైపు మళ్లింది.

1918లో కృష్ణా జిల్లాలో పుట్టిన మనిషి. ఊహ తెలియని వయసులో పెళ్లి, వెంటనే వైధవ్యం. తర్వాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం. మంచి గొంతు. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలిలో పాడింది, ఆడింది. మోటూరి ఉదయం గారు మహిళా బుర్రకథ దళాన్ని నడిపిన కాలమది. ఆడది వేదికెక్కితే ఊరు నోటికొచ్చినట్టు మాట్లాడే రోజుల్లో, కథ చెప్పే ఆడమనిషికి అటూ ఇటూ డక్కీలు పట్టుకుని వంత పలికే ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. కోటేశ్వరమ్మ గారికి ఇంట్లో అలా నిలబడ్డ మనిషి అమ్మ అంజమ్మ. భర్త వదిలి వెళ్లాక ముప్ఫై దాటిన వయసులో ఆమె హైదరాబాదు ఆంధ్ర మహిళా సభలో చదువుకు చేరితే, పిల్లలను చూసుకుంది ఆ తల్లే. తర్వాత కాకినాడలో హాస్టల్ ఉద్యోగం, రాసుకున్న పాటలు, కథలు. కొడుకు పోయాడు, కూతురూ పోయింది. మనవరాళ్లు మిగిలారు. 2012లో, తొంభై దాటిన వయసులో, ఆత్మకథ 'నిర్జన వారధి' అచ్చయింది. ఆ పుస్తకం పేరులోని ఒంటరితనం నిజమే. అయినా ఆ జీవితంలో ప్రతి మలుపు దగ్గరా ఏదో ఒక పని తన నెత్తిన వేసుకున్న ఆడమనిషి కనిపిస్తుంది.

అంజమ్మ కూతురి పాటను ఎంత పొగిడిందో గానీ, పిల్లలకు అన్నం పెట్టింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మొదలుపెట్టిన ఆ మహిళా సభ, బడి వయసు దాటిన ఆడవాళ్లకు మళ్లీ పలక పట్టే చోటిచ్చింది. మెచ్చుకోలు చెడ్డదని నేననను, దానికి నేనూ పొంగిపోతాను. కానీ "ఎంత బాగా పాడావే" అని ఇంటికెళ్లిపోయే పదిమంది కంటే, బిడ్డను ఎత్తుకున్న అత్త, ఉరుకుతున్నావని చెప్పిన ముసలమ్మ ఆ పిల్లకు ఎక్కువిచ్చారని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. తప్పు చెప్పడం కూడా ఆమె పాటను పాటగా లెక్కలోకి తీసుకోవడమే. వట్టి పొగడ్తలో ఆ పట్టింపు ఉండదు.

సద్దుల బతుకమ్మకు ఇంకా రోజులున్నాయి. మన కాలనీ కమిటీలకు రెండు విన్నపాలు. ఆట సాగినంతసేపు స్పీకరు పెట్టకండి, కావాలంటే ప్రసాదాలు పంచేటప్పుడు పెట్టుకోండి. ఆట సాగే రెండు గంటలూ చంటిపిల్లలను చూసుకునే బాధ్యత మగవాళ్లు తీసుకోండి, పేర్లు ముందే రాసి గేటు దగ్గర అంటించండి.