నిప్పు ఎవరు రాజేయాలి?

మన రోడ్ల మీద తిరిగే పికప్‌లు, అవి బొలెరోలైనా, తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్‌లైనా, దాదాపు అన్నీ డీజిల్ బళ్లే. అమెరికాలో సంగతి వేరు. అక్కడ పికప్ అంటే తరాలుగా పెట్రోలు తాగే పెద్ద వీ8. షెవర్లే సిల్వరాడో 1500లో ఆ వీ8లు ఇంకా దొరుకుతాయి. వాటి పక్కనే జనరల్ మోటార్స్ మరో రెండు ఇంజన్లు చేర్చింది. 2019 మోడల్‌తో 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజన్ వచ్చింది, మరుసటి మోడల్‌తో 3 లీటర్ల ఆరు సిలిండర్ల డ్యూరామ్యాక్స్ డీజిల్. బండి ఒకటే, చేయాల్సిన పని ఒకటే. పెట్రోలు, డీజిల్ తేడాలను పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇంతకంటే అనువైన జోడీ నాకు కనిపించలేదు.

ఇప్పుడు వస్తున్న రూపాల్లో పెట్రోలు ఇంజన్ శక్తి 310 హార్స్‌పవర్, డీజిల్‌ది 305. కాగితం మీద ఇద్దరూ సమానమే. అయితే పెట్రోలు ఇంజన్ ఆ శక్తిని ఇవ్వాలంటే నిమిషానికి 5,600 చుట్లు తిరగాలి. డీజిల్‌కు 3,750 చాలు. శక్తి అంటే తిప్పే బలాన్ని తిరిగే వేగంతో హెచ్చవేసిన లెక్క కాబట్టి, ఆ గరిష్ఠ స్థానంలో క్రాంక్‌షాఫ్ట్ మీద పడే టార్క్ పెట్రోలులో సుమారు 394 న్యూటన్ మీటర్లు, డీజిల్‌లో 579. ఇక అత్యధిక టార్క్ చూస్తే పెట్రోలుకు 3,000 చుట్ల దగ్గర 583, డీజిల్‌కు 2,750 దగ్గర 671. బరువున్న ట్రెయిలర్ తగిలించినవాడికి పనికొచ్చేవి ఈ అంకెలే.

ఈ తేడా మొదలయ్యేది సిలిండర్‌లో నిప్పు పుట్టే దగ్గర. సైకిల్ పంపు గబగబా కొడితే దాని అడుగుభాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్ ఆ వేడినే నమ్ముకుంది. డ్యూరామ్యాక్స్‌లో పిస్టన్ పైకి వచ్చేసరికి గాలి పదిహేనో వంతుకు నలుగుతుంది. ఉష్ణోగ్రత 500 డిగ్రీలు దాటిపోతుంది. ఆ క్షణంలో ఇంజెక్టర్ 2,500 బార్ దాకా వెళ్లే ఒత్తిడితో, అంటే వాతావరణ పీడనానికి దాదాపు రెండున్నర వేల రెట్లతో, డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర గాలిని తాకిన చోటల్లా అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. ఎంత ఇంధనం చిమ్మితే అంత బలం కాబట్టి, బలం తగ్గించడానికి గాలిని కట్టేయాల్సిన పనీ లేదు.

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం ముందే గాలిలో కలిసి, స్పార్క్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూపులోనే ప్రమాదం ఉంది. ఒత్తిడి, వేడి హద్దు మీరితే మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. పొగ తోపుతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనపు గాలిని కుక్కే టర్బో పెట్టడమంటే ఆ హద్దు దగ్గరికి కోరి వెళ్లడం. అందుకే 2.7 ఇంజన్‌లో సగం నేర్పు వేడిని దూరం పెట్టడంలోనే కనిపిస్తుంది. కంప్రెషన్ రేషియోను 10 దగ్గర ఆపారు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతారు, అది ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. పొగ బయటికి పోయే దారుల్ని సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి, వాటి చుట్టూ నీటిని తిప్పుతారు.

ఆ ఇంజన్ టర్బో దగ్గర కాసేపు ఆగాలి. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. అన్నిటి పొగనూ ఒకే గొట్టంలోకి వదిలితే ఒకదాని తోపు ఇంకొకదాని ఊపిరికి అడ్డుపడుతుంది. అందుకని 1, 4 సిలిండర్ల పొగ ఒక దారిన, 2, 3ల పొగ మరో దారిన పోతుంది. అప్పుడు ఒక్కో దారిలో తోపుకూ తోపుకూ మధ్య క్రాంక్ పూర్తి చుట్టు తిరిగేంత వ్యవధి దొరుకుతుంది. ఇంతవరకూ చాలా ట్విన్ స్క్రోల్ టర్బోలు చేసేదే. వాటిలో రెండు దారులూ పక్కపక్కనే సాగి చక్రం చుట్టూ తెరుచుకుంటాయి. ఇక్కడ మాత్రం ఒక దారి టర్బైన్ చక్రం చుట్టుకొలతలో ఒక సగానికి, రెండో దారి మిగతా సగానికి ఎదురుగా తెరుచుకుంటుంది. చక్రాన్ని తాకేదాకా రెండు ధారలూ కలవవు. తక్కువ చుట్ల దగ్గర కూడా టర్బో చురుగ్గా లేవడానికి ఇదొక కారణం.

డీజిల్ టర్బో అదే సమస్యను వేరే విధంగా తీర్చుకుంది. చక్రం చుట్టూ కదిలే రెక్కలుంటాయి. పొగ తక్కువగా ఉన్నప్పుడు అవి దగ్గరికి జరిగి సందు ఇరుకు చేస్తాయి, ధార వేగం పెరుగుతుంది. ఇదే ఏర్పాటు పెట్రోలుకూ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెట్రోలు పొగ డీజిల్ పొగకంటే బాగా వేడి, అంత సెగలో సన్నటి రెక్కలు ఇరుక్కోకుండా కదలాలంటే ఖరీదైన లోహాలు కావాలి. 2006లో పోర్షే తన 911 టర్బోలో ఆ పని చేసింది గానీ, అది పోర్షే ధరలో కుదిరిన పని.

స్పార్క్‌ను ఎంచుకున్నందుకు పెట్రోలు ఇంజన్ కట్టే పన్ను ఇంకొకటుంది. గాలి, పెట్రోలు పాళ్లు 14.7కు 1 దగ్గర నిలవాలి కాబట్టి, బలం తక్కువ కావాలంటే గాలినీ తగ్గించాలి. థ్రాటిల్ సగం మూసుకుంటుంది. మూసిన తలుపు వెనక నుంచి గాలి పీల్చడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. దీనికి విరుగుడుగా క్యామ్‌షాఫ్ట్ మీద జరిగే తొడుగులు అమర్చారు. తొడుగు ఉపరితలంలో మెలికల గాడి ఉంటుంది. విద్యుత్ సంకేతం అందగానే ఒక పిన్ను ఆ గాడిలోకి దిగుతుంది, తిరుగుతున్న తొడుగు ఆ మెలిక వెంట పక్కకు జరుగుతుంది. వాల్వును ఎక్కువగా ఎత్తే క్యామ్, తక్కువగా ఎత్తే క్యామ్, అసలు ఎత్తనిది, ఇలా మూడు రీతులు. సాఫీ రోడ్డు మీద 2, 3 సిలిండర్లు పూర్తిగా నిద్రపోతాయి. మిగిలిన రెండూ తలుపు ఇంకాస్త బార్లా తెరుచుకుని పనిచేస్తాయి. ఇంత పనీ ఇంజన్ తిరుగుతూ ఉండగానే జరిగిపోతుంది. డీజిల్‌కు ఈ బాధ లేదు గనక ఈ యంత్రాంగమూ లేదు.

డ్యూరామ్యాక్స్‌లో నాకు నచ్చేది దాని వరుస. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటే పైకీ కిందికీ ఊగే పిస్టన్ల బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే ఆ నునుపు. దిమ్మె అల్యూమినియం, లోపలి తొడుగులు పోత ఇనుము, క్రాంక్ సుత్తిదెబ్బల ఉక్కు. టైమింగ్ చైన్‌ను ఇంజన్ వెనక వైపు పెట్టారు. అక్కడే ఆయిల్ పంపును తిప్పే బెల్టు కూడా ఉంది, నూనెలో తడుస్తూ. 2020 ఇంజన్‌లో దాన్ని 1,50,000 మైళ్లకు, అంటే సుమారు 2,40,000 కిలోమీటర్లకు మార్చాలి. మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. ఇంత శ్రద్ధగా గీసిన ఇంజన్‌లో ఈ ఒక్క బెల్టు మాత్రం నాకు మింగుడుపడదు.

పొగ శుద్ధిలో పెట్రోలుదే సుఖం. పాళ్లు సరిగ్గా ఉంటాయి గనక మూడు రకాల విషవాయువుల్ని ఒకే క్యాటలిటిక్ కన్వర్టర్ విరిచేస్తుంది. డీజిల్ పొగలో మిగులు ఆక్సిజన్ ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గర ఆ కన్వర్టర్ చేతులెత్తేస్తుంది. అందుకే మసి పట్టే ఫిల్టరు, యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు, దానికో ట్యాంకు. అమ్మకం ధరలో ఇవన్నీ కలుస్తాయి.

బదులుగా దక్కేది మైలేజీ. 2020 మోడల్‌లో టూ-వీల్ డ్రైవ్ డీజిల్ బండికి అమెరికా ప్రభుత్వ హైవే అంకె గ్యాలనుకు 33 మైళ్లు, లీటరుకు 14 కిలోమీటర్లు. 2.7 పెట్రోలు బండికి 23 మైళ్లు. లీటరు డీజిల్‌లో పెట్రోలుకంటే పదో వంతుకు పైగా ఎక్కువ శక్తి ఉంటుందని గుర్తుంచుకున్నా, తేడా పెద్దదే. ఖాళీ బండిని ఊళ్లో తిప్పేవాడికి డీజిల్ కోసం కట్టిన అదనపు ధర తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, అతనికి నేనైతే పెట్రోలే చెబుతాను.

రెండిటినీ ఒక్కసారే పరీక్షించాలంటే కొలరాడోలో ఐ-70 రహదారి ఉంది. అది 3,400 మీటర్ల ఎత్తున ఐజన్‌హోవర్ సొరంగం దాకా ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, టర్బో లేని వీ8 అక్కడ మూడో వంతు దాకా బలం కోల్పోతుంది. ఈ రెండు టర్బోలూ ఆ లోటును చాలామటుకు పూడ్చేస్తాయి. దిగేటప్పుడు పెట్రోలు ఇంజన్ థ్రాటిల్ మూసి, ఆ పీల్చే కష్టాన్నే బ్రేకుగా వాడుకుంటుంది. థ్రాటిల్‌తో బలం తగ్గించే అలవాటు లేని డీజిల్‌కు ఆ సాయం సహజంగా రాదు. అందుకని ఎక్కేటప్పుడు టర్బోను పరుగెత్తించిన రెక్కల్నే దిగేటప్పుడు దగ్గరికి బిగిస్తారు. పొగ వెనక్కి తన్నుతుంది, పిస్టన్లు దానికి ఎదురు తోయాల్సి వస్తుంది, వెనక ట్రెయిలర్ ఉన్నా బండి నిమ్మళంగా దిగుతుంది.