డాక్టరుగారింటి ఫోను

అమెరికా పడమటి రాష్ట్రాల చిన్న ఊళ్లలో 20వ శతాబ్దం సగం దాటేదాకా వైద్యమంటే తరచు ఒక్క మనిషే. 1948లో ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ ‘లైఫ్’ పత్రిక కోసం కొలరాడో కొండల్లోని క్రెమ్లింగ్‌లో డాక్టర్ ఎర్నెస్ట్ సెరియానీ వెంట తిరిగి ఫొటోలు తీశాడు. సుమారు 400 చదరపు మైళ్లలో చెదిరి ఉన్న 2,000 మందికి ఆయనొక్కడే దిక్కు. కాస్త తీరిక చిక్కి చేపలు పట్టబోయిన పూటే, గుర్రం తన్నిన పసిపిల్ల కోసం పరుగున రావలసి వచ్చింది.

ఆ రోజుల్లో అలాంటి వైద్యుడి ఇంట పుట్టిన ఆడపిల్లకు ముందుగా అబ్బే విద్య ఫోను ఎత్తడం. అవతలి గొంతు వణుకుతుంటుంది. ఎక్కడి నుంచి, ఎంతసేపటి నుంచి, రక్తం ఆగిందా, పురిటినొప్పులైతే ఎన్ని నిమిషాలకొకటి, దారిలో మంచు ఎంత పేరుకుంది? అన్నీ అడిగి కాగితం మీద రాసుకోవాలి. తండ్రి ఊళ్లో లేకపోతే ఆయన వెళ్లిన పశువుల రాంచ్‌కు ఫోను కలపమని ఎక్స్ఛేంజి ఆపరేటరును అడగాలి. పదేళ్ల పిల్లకు ఇది చిన్న బాధ్యత కాదు.

పల్లె ఫోన్లలో ఒకే తీగ మీద నాలుగైదు ఇళ్లుండేవి. రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట అంటూ ఇంటింటికీ ఒక గుర్తు. ఎవరికి మోగినా మిగతావాళ్లు వినొచ్చు. అందుకే తెలివైన పిల్ల జబ్బు పేరు పైకి అనదు, వీలైనంతవరకు అవుననో కాదనో చెబితే సరిపోయే ప్రశ్నలే అడుగుతుంది. అర్ధరాత్రి ఏ స్నేహితురాలి తల్లి వచ్చి వెళ్లిందో తెలిసి కూడా మర్నాడు బడిలో నోరు మెదపదు. వైద్యం చేతకాకపోయినా వైద్యుడి ధర్మం ఆమెకు అలా వంటబట్టేది.

రెండోది చేతిపని. గాజు సిరంజిలు మరిగించడం, రబ్బరు గ్లవ్స్ కడిగి, గాలి నింపి, చెంప దగ్గర పెట్టుకుని ఎక్కడైనా చిల్లి పడిందేమో చూసి, ఆరబెట్టి పౌడరు జల్లడం.

1946లో వచ్చిన హిల్–బర్టన్ చట్టం కింద చిన్న ఊళ్లకూ ఆస్పత్రి కట్టడానికి ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. 1968లో అత్యవసరానికి 911 నంబరు మొదలై క్రమంగా దేశమంతా పాకింది. దాంతో అర్ధరాత్రి ఫోన్లు డాక్టరుగారింటికి రావడం తగ్గిపోయింది.