ఎడారిలో వాహనము — వీడియో ఆటలపై ఒక విమర్శ

అవినాశి క్షేత్రమనగానే, మొసలి మ్రింగిన బాలుని మరల రప్పించిన సుందరమూర్తి నాయనారు కథ ఆ ప్రాంతపు తమిళులకును తెలుగువారికిని సమానముగా స్ఫురించును. ఆ నాయనారు కడపటి ప్రయాణమున రెండు వాహనములు కలవు. తిరువంచిక్కుళమునుండి కైలాసమున కేగునపుడు ఆయన శివుడు పంపిన తెల్లయేనుగు నెక్కెను. మిత్రుడైన చేరమాన్ పెరుమాళ్ తన గుఱ్ఱము నెక్కి, దాని చెవిలో పంచాక్షరి నుచ్చరించి, ఆకాశమార్గమున మిత్రుని కలిసికొనెను. ఏనుగునకు దారి తెలియును. ఎక్కినవాడు ఊరక కూర్చుండిన చాలును. గుఱ్ఱమునకు చెప్పవలెను, చెప్పినను అది వినవలెను. ఈ భేదము నేటి వీడియో ఆటలలోని వాహనములను తూచుటకు మంచి తక్కెడ.

వీడియో ఆటయనగా పిల్లల కాలక్షేపమని త్రోసివేయు పెద్దలు నేటికిని కలరు. కోయంబత్తూరు, తిరుప్పూరు, అవినాశి ప్రాంతముల తెలుగిండ్లలో, ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళమో ఆంగ్లమో చదువు బాలురు ఈ ఆటలలో గడుపు కాలము తక్కువ కాదు. వారు చూచుచున్నది మంచిదో చెడ్డదో తెలుగున చెప్పు విమర్శ లేకున్నచో, వారి రసికత తెలుగుతో నిమిత్తము లేకయే పెరుగును. కావున పరిశీలనము అవసరము. అందును ఎడారి సంచారమునే గ్రహించుటకు కారణము కలదు. ఊరిలో బాటయే బండిని నడపును. ఎడారిలో బాట లేదు. ఎక్కినవాడును ఎక్కించుకొన్న జంతువును ఒకరికొకరు ఏమగుదురో అచ్చట బయటపడును.

యూబీసాఫ్ట్ సంస్థ 2017 అక్టోబరులో వెలువరించిన ‘అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్’ టాలెమీల కాలపు ఈజిప్టును చూపును. కథానాయకుడు బాయెక్ సీవా ఒయాసిస్సు వాడు. అతడు ఒంటెపై ఇసుకతిన్నెలు దాటు దృశ్యములు కన్నులపండువుగా నుండును. ఎండ ముదిరినపుడు లేనివి ఉన్నట్లు తోచుటను గూడ శిల్పులు మఱువలేదు. ఐనను ఈల వేసినంతనే ఒంటె ఎచ్చటినుండియో పరుగెత్తుకొని వచ్చును. ఆజ్ఞ యిచ్చినచో బాటను తానే పట్టి పోవును. దానికి అలుక లేదు, మొండితనము లేదు. అది ఒంటెతోలు కప్పుకొన్న మోటారుబండి. లొట్టిపిట యను పాతమాట యెరిగిన ముసలమ్మ యెవ్వతెయు దానిని ఒంటెగా నంగీకరింపదు. సుందరుని ఏనుగువలె ఇదియు దారి యెరుగును గాని, ఆ ఏనుగును పంపినవాడొకడు కలడు. దీనిని పంపినది సౌకర్యము మాత్రమే.

అదే సంవత్సరము మార్చిలో నింటెండో సంస్థ విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ ఇంతకంటె తెలివిగలది. అందు గెరూడో ఎడారిలోనికి గుఱ్ఱము రాదు. ఇసుకలో ఈదు సీలు జంతువునకు కట్టిన త్రాడు చేతబట్టి, డాలుపై నిలువబడి, జారుచు పోవలెను. నేల మారగా వాహనము మారుట ఉచితము. ఆ ఎడారి నడుమ పురుషులకు ప్రవేశము లేని పట్టణమొకటి కలదు. సంబంధ మేమియు లేకున్నను ప్రమీల స్త్రీరాజ్యము తలపునకు వచ్చును. ఒంటెయును కలదు గాని అది జంతువు గాదు, పిడుగులు కురియు మహాయంత్రము. కల్పన మెచ్చదగినదే. కాని సీలు బాడుగ జంతువు. దానికిని వీరునికిని నడుమ కథ పుట్టదు.

కథ పుట్టవలెనన్నచో జంతువునకు సొంత ఇచ్ఛ యుండవలెను. ఈ మర్మము మధుర తెలుగువారికి క్రొత్త కాదు. విజయరంగ చొక్కనాథుని కాలమున (1706–1732) సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతమును తెలుగు వచనమున రచించెను. ఆ కథకు వెన్నెముక ఒక గుఱ్ఱపు నడక. ధర్మరాజు యాగాశ్వము ఎటు పోయిన అర్జునుడు అటు పోవలెను. అచ్చట వీరుడు గుఱ్ఱమును నడపడు; గుఱ్ఱమే వీరుని నడపును.

జపాను శిల్పి ఫుమితో ఉయెదా నాయకత్వమున తయారై 2005 అక్టోబరులో ప్లేస్టేషన్ 2 యంత్రమునకై వెలువడిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ ఈ విషయమున తక్కిన రెంటిని మించినది. మరణించిన కన్యకు ప్రాణము తెచ్చుటకై వాండర్ అను యువకుడు నిషిద్ధభూమికి వచ్చును. పదునాఱు మహాకాయములను చంపుమని ఒక స్వరము అతని నాదేశించును. ఆ భూమిలో ఊళ్లు లేవు, పలుకరించువారు లేరు. తోడు ఆగ్రో అను గుఱ్ఱ మొక్కటే. ఆగ్రో మీట నొక్కగానే తిరుగదు. కొండయంచున తానే వెనుదీయును. ఇరుకు దారిలో పగ్గము లాగకున్నను మలుపు తిరుగును. దీనిని లోపమని విసుగుకొను ఆటగాండ్రు కలరు. కొన్నిచోట్ల ఆ విసుగు అన్యాయమును గాదు. కాని రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడుకాళ్ల నడచునని సామెత చెప్పిన జాతికి, గుఱ్ఱము రౌతును పరీక్షించుట వింతగా తోపరాదు.

ఈ గుణము పండినది పదుమూడవ మహాకాయపు ఘట్టమున. విశాలమైన ఎడారి. ఇసుకనుండి పామువంటి మహాప్రాణి యొకటి లేచి ఆకాశమున తేలును. దాని క్రింది భాగమున మూడు గాలితిత్తులు కలవు. ఆగ్రోపై పరుగెత్తుచునే బాణములతో వానిని కొట్టవలెను. విల్లు ఎక్కుపెట్టినపుడు ఆటగాని దృష్టియంతయు గురిమీద నుండును. పరుగు భారము ఆగ్రో వహించును. తిత్తులు పగిలిన పిదప ఆ ప్రాణి దిగివచ్చి ముందు రెక్కలను ఇసుకపై ఈడ్చును. అప్పుడు దాని సరసకు దౌడు తీసి, జీనుపై నిలిచి, రెక్కపైకి దుమకవలెను. నమ్మక మనునది మాటగా గాక పనిగా కనబడుట ఇచ్చటనే. అమరకోశము అశ్వగతులు ఐదు పేర్కొన్నది: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. జీను, కళ్లెము, అంకవన్నె అను తెలుగు మాటలును ఉన్నవే. ఆ పరుగును వర్ణింప బూనిన అవినాశి బాలునకు భాష చాలకపోదు, వినిపించువారే చాలరు.

ఇంతలో గమనింపవలసినది వేరొకటి కలదు. ఆ ఎడారి ప్రాణి వాండర్ నొక్కసారియు ఎదుర్కొనదు; అతనికి హాని తలపెట్టదు. అట్టిదానిని చంపుటకు ఆగ్రో విశ్వాసము సాధనమైనది. సవారి యెంత సుందరమో ఆ పని యంత నీచము. ఈ రెంటిని విడదీయకుండుటలోనే రచయిత ప్రతిభ కలదు. మూల్యము చెల్లించునది మొదట గుఱ్ఱమే. పదునాఱవ మహాకాయమున కేగు దారిలో వంతెన కూలగా ఆగ్రో రౌతును ఆవలి గట్టున విసరి తాను లోయలో పడును. తుదిని కాలు కుంటుచు ఆలయమునకు తిరిగి వచ్చును. అప్పటికి వాండర్ రూపము లేదు, కొమ్ములుగల శిశువు మాత్రము కలదు. 2018లో బ్లూపాయింట్ సంస్థ ఈ ఆటను క్రొత్త చిత్రములతో పునర్నిర్మించినపుడు ఇసుకయు జూలును ఎంతో మెఱుగుపడినవి. ఆగ్రో మొండితనమును మాత్రము వారు తీసివేయలేదు.