ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మన గుర్రాలు ఎటు పోయినయ్?

పుస్తకం మీద సమీక్ష రాస్తారు, సినిమా మీద రాస్తారు, ఆట మీద ఎందుకు రాయకూడదని మా తెలుగు టీచర్‌ను అడిగాను. "రాయి. కానీ ఆట బాగుంది, బొమ్మలు బాగున్నయ్ అని రాస్తే మాత్రం వాపసు ఇస్త" అన్నారు. అందుకని బొమ్మల సంగతి వదిలేసి, ఆటలో నాకు నచ్చినవి, కోపం తెప్పించినవి రాస్తున్నాను.

ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, రెండో భాగం. ఇది 1999లో వచ్చింది, అంటే మేమెవరం పుట్టకముందే. 2019లో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. మన బళ్ళో ఆటలంటే ఫ్రీ ఫైరో, బీజీఎంఐయో అని పెద్దవాళ్ళు అనుకుంటారు. చాలావరకు నిజమే. కానీ ఇంట్లో కంప్యూటర్ ఉన్న కొద్దిమంది ఆదివారాలు తుపాకీలు పక్కన పెట్టి ఎత్తుగడల ఆటలు ఆడతారు. మా పెద్దనాన్న కొడుకు దగ్గర కంప్యూటర్ ఉంది కాబట్టి నేనూ ఆ గుంపులో చేరాను.

ఆట తెలియని అమ్మానాన్నల కోసం రెండు ముక్కలు. మొదట మనకు ఒక ఊరి కేంద్రం, దాదాపు ప్రతి జాతికీ ముగ్గురు పనివాళ్ళు, ఒక వేగు ఇస్తారు. పనివాళ్ళతో తిండి, కట్టెలు, బంగారం, రాయి పోగు చేయించాలి. ఇంకో పనివాడు కావాలంటే 50 తిండి ఖర్చు. చీకటి యుగం నుంచి ఫ్యూడల్ యుగానికి పోవాలంటే 500 తిండి కూడబెట్టాలి. ఆ తర్వాత కోటల యుగం, చివరికి సామ్రాజ్య యుగం. ఉన్నదంతా సైన్యం మీద పెడితే ఊరు ఎదగదు. ఊరి మీదే పెడితే శత్రువు వచ్చి తగలబెడతాడు. ఇది వినగానే మా అమ్మ, "జీతం వచ్చిన రోజు నేను జేసే లెక్కనే గద ఇది" అంది. ఈ ఆట గురించి ఇంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

ఫోన్లో ఆడే క్లాష్ ఆఫ్ క్లాన్స్ కూడా ఎత్తుగడల ఆటే అని మా క్లాసు వాళ్ళు వాదిస్తారు. అక్కడ పెద్ద ఫిరంగి కట్టాలంటే రోజుల తరబడి ఆగాలి. ఆగలేని వాళ్ళు నిజం డబ్బుతో జెమ్స్ కొనుక్కోవచ్చు. అది ఎత్తుగడ కాదు, ఓపికకు కట్టిన ధర. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఆట నడుస్తుండగా పైసలు పెట్టి ఏమీ కొనలేం. గంటలో గెలుస్తామో ఓడుతామో తేలిపోతుంది, అన్నానికి పిలిస్తే లేచి పోవచ్చు. తల్లిదండ్రులు ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టేముందు ఈ తేడా చూడాలని మనవి.

ఇక అసలు సంగతికొస్తాను. ఈ ఆటలో ఒక జాతిని ఎంచుకుని ఆడాలి. 2013 నాటికి భారతదేశం మొత్తానికీ కలిపి "ఇండియన్స్" అని ఒక్కటే జాతి ఉండేది. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అని కొత్త భాగం తెచ్చి దాన్ని నాలుగు చేశారు: హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు. నాలుగు కావడం మంచిదే. అన్న దాన్ని పెట్టిన రోజు నేను ముందుగా ద్రవిడుల మీదే నొక్కాను, మనవాళ్ళు అందులోనే ఉండాలి కదా.

పనివాణ్ణి పిలిస్తే తమిళంలో పలికాడు. కత్తివీరుణ్ణి తయారు చేస్తే వాడి చేతిలో ఉరుమి, అంటే కేరళ కళరి వాళ్ళు తిప్పే వంగే కత్తి. సముద్రంలోకి దిగితే తిరిసడై అనే పెద్ద ఓడ, అది చోళుల వైపుది. కథగా ఆడే భాగం ఐదు అంకాల రాజేంద్ర చోళుడి కథ. తమిళులంటే నాకు కోపమేమీ లేదు, రాజేంద్రుడి కథ నిజంగా గొప్పది. పైగా ఆయన కూతురు అమ్మంగదేవి మన రాజరాజనరేంద్రుడి భార్య. నన్నయ్య భారతం మొదలుపెట్టింది ఆ రాజు కొలువులోనే. అంటే ఆ కథ జరిగిన రోజుల్లో రాజమహేంద్రవరం కూడా అదే పటంలో ఉంది. కానీ ద్రవిడులు అన్న ఒక్క పేరు కింద తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం నాలుగూ పెట్టి, మాట మాత్రం ఒకరిదే వినిపిస్తే మిగతా ముగ్గురు ఏమనుకోవాలి?

నాందేడ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇది కొత్త కాదు. బజారులో అమ్మతో తెలుగు మాట్లాడుతుంటే "మద్రాసీ హో క్యా?" అని అడిగిన వాళ్ళు మనందరికీ తగిలే ఉంటారు. మన తాతల కాలంలో ఈ ఊరు హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. 1956లో బొంబాయి రాష్ట్రంలో కలిసింది, 1960లో మహారాష్ట్ర అయింది. మనం ఎక్కడినుంచో రాలేదు, గీతలే మన మీదుగా జరిగాయి. అయినా అడిగిన ప్రతివాడికీ మద్రాసీలం కాదు, తెలుగువాళ్ళం అని చెప్పుకోవలసిందే. ఆటలో కూడా అదే ప్రశ్న ఎదురైతే "జర ఆగండి" అనాలనిపించింది.

"ఒక ఆటలో ఎన్ని జాతులని పెడతారు?" అని అన్న అడిగాడు. సరే, చూద్దాం. ఇటలీ వైపు ఇటాలియన్లు ఉన్నారు. 2021లో సిసిలీ ద్వీపం వాళ్ళను వేరే జాతిగా పెట్టారు. 2023లో రోమన్లు వచ్చారు. 2025లో చైనా చుట్టుపక్కల ఒక్కసారే ఐదు జాతులను చేర్చారు. చోటు లేక కాదన్నమాట.

ద్రవిడుల్లో తెలుగుదనం బొత్తిగా లేదా అంటే, ఒకటుంది. సామ్రాజ్య యుగంలో వాళ్ళకు వూట్జ్ స్టీల్ అనే విద్య దొరుకుతుంది. అది నేర్చుకుంటే మన కత్తి దెబ్బకు శత్రువు కవచం అడ్డం రాదు. ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఎందుకంటే వూట్జ్ అనే మాట మన "ఉక్కు" నుంచే పుట్టిందని చెబుతారు. కన్నడంలో కూడా ఉక్కే. మన పక్క జిల్లా నిజామాబాద్‌లోని కోనసముద్రంలో ఈ ఉక్కును మూసల్లో కరిగించి చేసేవాళ్ళు. గోల్కొండ వైపు నుంచి అది పర్షియా దాకా పోయేది, అక్కడ దాంతో కత్తులు చేసేవాళ్ళు. నాందేడ్ స్టేషన్లో రైలెక్కితే నిజామాబాద్ ఎంత దూరమని! కానీ ఆటలో దాని వివరం చదివే పిల్లవాడికి ఇది మన కమ్మరుల పని అని తెలిసే దారి లేదు. పేరు ఇంగ్లీషు వాళ్ళ నోట్లో నలిగిన పేరు, పలికే గొంతు తమిళం.

ఇప్పుడు గుర్రాల దగ్గరికి వస్తాను. ద్రవిడులకు నైట్ అనే కవచం తొడిగిన గుర్రపు వీరుడు లేడు. ఒంటెలూ లేవు. చిన్న గుర్రపు దళం, ఏనుగులు, అంతే. ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు మనం ద్రవిడులమని తెలియగానే అవతలివాడు ఏం చేయాలో ముందే తేల్చుకుంటాడు.

చరిత్ర ఏం చెబుతుంది? 1309–10లో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించాడు. ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నప్పుడు కాఫుర్‌కు 100 ఏనుగులు, 7000 గుర్రాలు దక్కాయని బరనీ అనే ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. రాసింది ఢిల్లీ వైపు మనిషి కాబట్టి గెలుపును కొంచెం పెంచి రాశాడేమో అనుకుందాం. సగం చేసినా 3500. ఇచ్చేసినవే అన్ని ఉంటే, గుర్రాలు లేని దేశమని ఎట్లా అంటాం? ఆ తర్వాత విజయనగరం రాజులు పోర్చుగీసు వాళ్ళ దగ్గర గుర్రాలు కొనడానికి ఎంత బంగారం పోశారో ఎనిమిదో తరగతి పిల్లలను అడిగినా చెబుతారు.

ఆట తయారు చేసినవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. అందరికీ అన్నీ ఇస్తే అది ఆట కాదు. మా అవ్వ నాకు నేర్పిన పులి–మేకలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపుతుంది, మేక చంపలేదు. మేకలు కలిసి దారులు మూసేస్తేనే గెలుపు. సమానం కాకపోవడమే అందులో రుచి. కాబట్టి ద్రవిడులకు ఏదో ఒకటి తక్కువ పెట్టడం తప్పు కాదు. సముద్రం మీద వాళ్ళు బలవంతులు, నేల మీద కొంచెం మెతక, అట్లనే ఉండనీ. నా గొడవ ఏమిటంటే, ఆ తక్కువ నిజం లోంచి రావాలి. దక్షిణాదిలో మంచి గుర్రాలు పుట్టడం తక్కువ, ఓడల్లో తెప్పించుకునేవాళ్ళు. అదే ఆటలో పెట్టొచ్చు కదా! నైట్‌ను తయారు చేయడం కుదరదు, ఓడరేవు కట్టి, బంగారం పోసి కొనుక్కోవాలి, రేవు పోతే గుర్రాలు ఆగిపోతాయి. అప్పుడు అవతలివాడు నా కోట వదిలేసి నా రేవు మీద పడతాడు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు అభయమిస్తూ శాసనం ఎందుకు వేయించాడో ఒక్క ఆటతో అర్థమవుతుంది. ఇప్పుడున్న పద్ధతిలో "లేదు" అని ఒక గళ్ళు కొట్టేసిన బొమ్మ చూపిస్తారు, అంతే.

గుర్రాలకన్నా పెద్ద లోటు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు. ఆటలో నీళ్ళకు లెక్క లేదు. పొలం వేయడానికి 60 కట్టెలు చాలు. వాన పడదు, ఎండదు, కాలువ అక్కర్లేదు, పంట ఎప్పుడూ చేతికొస్తుంది. మరాఠ్వాడా పిల్లలకు ఇది నమ్మడం కష్టం. 2016లో లాతూర్‌కు రైల్లో నీళ్ళు తెచ్చారు, మనకు అది పక్క జిల్లానే. కాకతీయుల ఎత్తుగడ చూడాలంటే ఓరుగల్లు కోట ఒక్కటే చూస్తే చాలదు, పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కూడా చూడాలి. సైన్యానికి తిండి పెట్టింది ఆ చెరువులే. ఆటలో కోట కట్టొచ్చు, చెరువు తవ్వడానికి లేదు.

నీళ్ళు ఎత్తుగడల్లోకి రావు అనేవాళ్ళను ధర్మాబాద్ తాలూకాలోని బాభళి బ్యారేజి దగ్గరికి తీసుకుపోవాలి. గోదావరి మీద మన జిల్లా వైపు గేట్లు, కింద శ్రీరాంసాగర్. పైన నిలిపితే కింద తెలుగు రైతుకు తక్కువ, నిలపకపోతే ఇక్కడి రైతుకు ఎండ. ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది: జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. బ్యారేజిలో పట్టేది 2.74 టీఎంసీ. ఇందులో ఎవరూ ఎవరి ఊరూ తగలబెట్టలేదు, కానీ ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి, ఎంత వదలాలి అని తేదీలతో సహా ఎత్తు వేశారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఇద్దరు ఒకే నది పక్కన ఉంటే చేయగలిగింది వంతెన దగ్గర గోడ కట్టడమే. మా ఇంట్లో సంగతి ఇంకా చిక్కు. మా మేనమామ వాళ్ళ పొలం శ్రీరాంసాగర్ కింద ఉంది, మా పొలం ఇక్కడ. గేట్లు ఎత్తిన వార్త వస్తే సంతోషపడాలో బాధపడాలో మా నాన్నకు ఎప్పుడూ తేలదు.

మా మరాఠీ దోస్తుకు ఈ ఆక్షేపణలన్నీ చెబితే నవ్వి, "ఆమ్చే పణ్ నాహీత్ రే" అన్నాడు. వాడన్నది నిజమే. ఈ నేలనేలిన దేవగిరి యాదవులు కూడా అందులో లేరు. శివాజీ మహారాజు పుట్టింది 1630లో, ఈ ఆట మధ్యయుగాలది కాబట్టి ఆయనకు చోటు లేకపోవడం న్యాయమే. మరాఠాలుగా ఆడాలంటే 2009లో వచ్చిన ఎంపైర్ టోటల్ వార్ ఆడాలి. నాలుగో భాగం ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఢిల్లీ సుల్తానులున్నారు. వాళ్ళకు విద్యలన్నీ ఉచితం, నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువ సమయం పడుతుంది, పండితులను మసీదులో కూర్చోబెడితే తొందరగా వస్తాయి. చాలా అందమైన ఊహ, దక్కన్‌కు అట్లాంటి ఊహ ఒకటి దొరికితే బాగుండేది.

ఇన్ని అన్నాక కూడా నేను ఈ ఆట ఆడడం మానలేదు. ఎందుకంటే ఇందులో సినారియో ఎడిటర్ అని ఒక పనిముట్టు ఉంది. పటం మనమే గీసుకోవచ్చు, ఏ జాతికి ఏ సైనికుణ్ణయినా ఇవ్వొచ్చు. అన్న, నేను, ఆ మరాఠీ దోస్తు కలిసి దసరా సెలవుల్లో ఓరుగల్లు ముట్టడి మొదలుపెట్టాం. ప్రతాపరుద్రుడికి 60 మంది నైట్‌లను ఇచ్చాం. జనాభా పరిమితి 200 కాబట్టి అంతకన్నా ఎక్కువ ఇస్తే పనివాళ్ళకు చోటుండదు. దోస్తు కాఫుర్ వైపు చూసుకుంటున్నాడు. లోపలి రాతి గోడ సులువుగానే వచ్చింది. బయటి మట్టి గోడ దగ్గరే పని ఆగింది. అమీర్ ఖుస్రో అంతటివాడు మెచ్చుకున్న గోడ అది, ఆటలో చూస్తే కట్టెల కంచె ఉంది, రాతి గోడ ఉంది, మట్టి గోడ లేదు. ప్రస్తుతానికి కొండ గీతలతో ఎత్తు చేసి, చుట్టూ అగడ్తలాగా నీళ్ళు పెట్టాం. కాఫుర్ ఏనుగులు దాన్ని ఎక్కి వచ్చేస్తున్నాయి. దీపావళి సెలవుల్లో ఆ వాలు సరిచేయాలి.