వాల్వు వెలుగులో వీణ

ఈమని శంకరశాస్త్రి వీణ మీద ఒక్క మీటు. కుడిచేయి తన పని ముగించి లేచింది. ఎడమచేతి వేళ్లు మాత్రం మెట్టు మీద తీగను లాగుతూనే ఉన్నాయి. స్వరం సన్నగిల్లుతూ, ఒరుగుతూ, పై స్వరాన్ని తాకీ తాకకుండా తాకి, మళ్లీ తన చోటికి దిగుతుంది. ఆ దిగే దారంతా వినబడాలి! రసికుడి ప్రాణమంతా అక్కడే ఉంటుంది.

ఇంట్లో కట్టుకున్న వాల్వు ఆంప్లిఫయర్ ఆ దారిని ఎంత ఆర్ద్రంగా చూపిస్తుందో! ముందు ఒక 12ఏయూ7, వెనక బొద్దుగా ఒక 6080, చెవులకు 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600. ఫిలమెంట్లు నారింజరంగు తిరిగి, గాజు వేడెక్కేసరికి నాదానికి కండ పడుతుంది, నిగారింపు వస్తుంది.

ఇంకా మెరుగు కావాలంటే చాలామంది ఖరీదైన పాత వాల్వుల వేటలో పడతారు. నన్నడిగితే, ముందు కోఠీ గుజరాతీ గల్లీలో రెండు ఎర్ర ఎల్‌ఈడీలు కొనమంటాను, ఛానెల్‌కొకటి. 12ఏయూ7 కాథోడ్ కింది రెసిస్టర్నీ, దాన్ని అంటిపెట్టుకున్న బైపాస్ కెపాసిటర్నీ తీసేసి ఆ చోట వీటిని పెట్టండి. 1.7 వోల్టులకు అటూ ఇటూగా బయాస్ కుదురుకుంటుంది. ఆ చవక కెపాసిటర్ కప్పిన మసక తొలగిపోతుంది. కొనగోరు తీగను ఒరుసుకున్న గరుకుదనం, వెంటనే విచ్చుకున్న తీపి, రెండూ వేర్వేరుగా చెవిని చేరతాయి. కొన్ని రూపాయలకే ఇంత సౌఖ్యమా!

ఎర్త్ తీగలన్నిటినీ ఒకే బిందువుకు చేర్చండి. (విప్పేముందు పవర్ తీసేసి, పెద్ద కెపాసిటర్లు పూర్తిగా ఖాళీ అయ్యాయని మీటరు పెట్టి చూసుకోండి; వాటిలో ప్రాణం తీసే వోల్టేజి ఉంటుంది.) సన్నని హమ్ పోగానే, దాని కింద ఇన్నాళ్లూ అణగి ఉన్న తంబురా పైకి లేస్తుంది, చిటికెనవేలు తాకిన తాళపు తీగలు మిలమిలమంటాయి, రాగం చుట్టూ గాలి కూడా కదిలినట్టుంటుంది. ఆహా, ఏమి విశాలం!

అవుట్‌పుట్‌లో 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 300 ఓమ్‌లకు పుష్కలం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే మాత్రం 50 హెర్ట్జ్ దగ్గరే అడుగు జారుతుంది, మృదంగం ఎడమ మూత బక్కచిక్కుతుంది. కాబట్టి ఈ ఆంప్లిఫయర్, హెచ్‌డీ 600 జోడీని విడదీయకండి. ఇంత చేశాక కూడా వాల్వు మార్చి చూడాలనిపిస్తే, 6080 స్థానంలో సోవియట్ 6ఎన్13ఎస్ వేసి వినండి, ధర అందుబాటులోనే ఉంటుంది. నేనైతే ఆ డబ్బుతో మరో వీణ రికార్డు కొంటాను.